వెనక్కి, ఇంకొంచెం వెనక్కి

బండి వెనక నిలబడి దారి చూపే చేతులు రెండిటికీ ఐల్సావే. గుడారాలు వేసే పొలమూ అదే, ఇద్దరి వ్యాన్లూ ఒకే రకం. మరి గ్రెగర్ బండి ఒక్కసారికే వచ్చి తన చోట సరిగ్గా ఎలా ఆగుతుంది? తన బండి ఆరుసార్లు ముందుకీ వెనక్కీ ఊగినా ఎందుకు కుదరదు? ఈ సందేహాన్ని మర్డో ఐదేళ్ళుగా మోస్తున్నాడు. దేవుడి ముందు పెట్టేంత పెద్దది కాదు. అలాగని భార్య ఐల్సాను అడిగేంత చిన్నదీ కాదు. సంఘపెద్దగా ఆదివారం కానుకల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచేటప్పుడు కూడా ఒక్కోసారి అది గుర్తొచ్చేది. గ్రెగర్ కూర్చున్న వరస దగ్గర అతని అడుగు కాస్త వేగమయ్యేది.

ఆ మంగళవారం ముగ్గురూ కలిసి డండీ ఊరి చివర గుడారాలు అమ్మే పెద్ద షెడ్డుకు వెళ్ళారు. గుడారం కొనాల్సింది మర్డో, ఐల్సా. గ్రెగర్‌ని పిలిచింది ఐల్సా.

"వాడెందుకు మనతో?" అన్నాడు మర్డో బయల్దేరే ముందు, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"ఏడేళ్ళ నుంచి అలాంటిది వాడుతున్నాడు కాబట్టి. పోయినసారి పాల కోసం ఊళ్ళోకి పోవాలంటే గుడారమంతా పీకి మడిచి పెట్టాం, గుర్తుందా? వచ్చి మళ్ళీ వేసేసరికి పాలు విరిగాయి. ఈసారి తనంతట తను నిలబడేది కొనకపోతే నేను చర్చివాళ్ళతో క్రెయిల్ విడిదికి రాను. చెప్పేశాను."

షెడ్డులో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి మీద పదకొండు గుడారాలు నిలబెట్టి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక పక్క పొడవాటి గుడ్డ సొరంగం. ఆ సొరంగం అంచు వ్యాను తలుపు పైన, గాడి ఉన్న సన్నటి లోహపు పట్టాలోకి దూరుతుంది. ఎక్కడికైనా వెళ్ళాలంటే అంచు ఊడదీసి బండి తీసుకుపోవచ్చు, గుడారం పొలంలోనే ఉంటుంది. తిరిగొచ్చాక మాత్రం బండిని మళ్ళీ అదే చోట, చేతి వెడల్పు కూడా తేడా లేకుండా ఆపాలి.

గ్రెగర్ బూట్లు విప్పి, మేజోళ్ళతోనే ఒక గుడారంలోకి దూరాడు. వెనకే ఐల్సా. మర్డో బయటే ఉండి వేలాడుతున్న చీటీ చదవసాగాడు. పైన దీపాల వెలుగుకి లోపలి ఇద్దరి నీడలూ గుడ్డ మీద పడ్డాయి. గ్రెగర్ నీడ వంగి ఏదో చూపించింది. ఐల్సా నీడ తల వెనక్కి వాల్చి నవ్వింది. మర్డో చీటీ మీది మొదటి వరసనే నాలుగోసారి చదివాడు.

"ఏంటంత నవ్వు?"

జిప్పు సందులోంచి ఐల్సా తల బయటికి వచ్చింది. "లోపల పడుకోవడానికి చిన్న గది ఉంది. అందులో నిన్ను పెట్టి జిప్పు లాగేస్తే నీ గురక పక్క పొలం దాకా పోదంటున్నాడు."

"ఆయనగారికి నా గురక సంగతి ఎలా తెలుసు?"

"పొలమంతటికీ తెలుసు బాబూ," అన్నాడు గ్రెగర్ లోపలినుంచి. "ఆవులు కూడా తిరిగి చూస్తాయి."

దుకాణంలో పనిచేసే లావుపాటి పెద్దమనిషి అంతవరకూ చేతులు కట్టుకుని ఊరుకుని, ఇప్పుడు దగ్గరికొచ్చాడు. "గాలి కొట్టేది కావాలా అయ్యగారూ, కడ్డీలదా? ఎత్తు ఎంత?"

"గాలిది తీసుకో," అన్నాడు గ్రెగర్ బయటికి వచ్చి, గోడలా ఉబ్బిన గుడ్డ గొట్టాన్ని అరచేత్తో కొడుతూ. "పంపు కొడితే పది నిమిషాల్లో నిలబడుతుంది. ఎత్తు తక్కువ రకం చాలు. నీ బండీ నా బండీ ఒకే ఎత్తు."

నిజానికి మర్డోకి కూడా గాలిదే నచ్చింది. గ్రెగర్ బయటికి రాకముందే ఆ గొట్టాన్ని రెండుసార్లు నొక్కి చూశాడు. కానీ ఇప్పుడది గ్రెగర్ నోటినుంచి వచ్చింది.

"కడ్డీలదే కావాలి. ఎత్తు మధ్యరకం. నేను కొలిచాను, పట్టా రెండు వందల పద్దెనిమిది సెంటీమీటర్ల ఎత్తులో ఉంది."

"ఎక్కడ కొలిచావు?"

"మా ఇంటి ముందు."

"మీ ఇంటి ముందు వాలు కదోయ్. బండి తలుపు వైపు నేల కాలవలోకి దిగి ఉంటుంది. పోతూ పోతూ చర్చి ముందు చదును నేల మీద ఒకసారి టేపు పట్టి చూద్దాం. రేపైనా కొనొచ్చుగా?"

మర్డో మొహం ఎర్రబడింది. "ముప్పై ఎనిమిదేళ్ళు వడ్రంగం చేశాను గ్రెగర్. ఈ చుట్టుపక్కల సగం తలుపులు నేను బిగించినవే. టేపు పట్టుకోవడం నువ్వు నేర్పక్కర్లేదు."

గ్రెగర్ గుడ్డ గొట్టం మీంచి చెయ్యి తీసేశాడు. వంగి బూట్లు తొడుక్కున్నాడు. ఐల్సా భర్త వైపు చూసింది. ఆ చూపు మర్డో పట్టించుకోలేదు. మధ్యరకం ఎత్తున్న కడ్డీల గుడారాన్ని సంచీతో సహా భుజాన వేసుకుని తనే బండి దాకా మోశాడు. దుకాణం పెద్దమనిషి ఇచ్చిన చక్రాల బండిని కూడా వద్దన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి క్రెయిల్ దగ్గరి పొలంలో చర్చివాళ్ళ బళ్ళు పద్నాలుగు చేరాయి. సముద్రం వైపు నోరు తెరిచిన గుర్రపు నాడా ఆకారంలో నిలబడ్డాయి. మర్డో కడ్డీలు ఒక్కొక్కటే జోడించి గుడ్డలోకి దూర్చాడు. చుట్టూ మేకులు దిగ్గొట్టాడు. పని చక్కగానే చేశాడు. గుడారం నిటారుగా నిలబడింది. చివరికి సొరంగం అంచుని వ్యాను పట్టాలోకి దూర్చి లాగేసరికి ఎత్తు ఎక్కువైందని తేలింది. మిగులు గుడ్డంతా తలుపు ముందు పొట్టలా కిందికి వేలాడింది.

"ఇంకాస్త బిగించి లాగు," అన్నాడు ఐల్సాతో.

"ఎటు లాగను? లాగడానికేమీ మిగల్లేదు."

సాయంత్రం జల్లు పడింది. ఆ పొట్టలో నీళ్ళు నిండాయి. ఎదుటి బండి మెట్టు మీద కూర్చుని ఓట్స్ రొట్టె మీద వెన్న రాసుకుంటున్న నెట్టీ, ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, అక్కడినుంచే కేకేసింది. "ఏరా మర్డో, గుడారం కొన్నావా, నీళ్ళతొట్టి కొన్నావా? బాతుల్ని తెప్పించమంటావా?"

గుర్రపు నాడా అంతా నవ్వింది. గ్రెగర్ ఒక్కడే నవ్వలేదు. తన బండిలోంచి చీపురు తెచ్చి ఐల్సాకి అందించాడు. ఆమె లోపల నిలబడి చీపురు కర్రతో ఆ పొట్టను పైకి పొడిచింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా మర్డో భుజం మీద పడ్డాయి. చీపురుని అలాగే ఊతంగా నిలబెట్టేసింది ఐల్సా.

"మంచి పని చేశావు గ్రెగర్," అంది.

గ్రెగర్ కూడా నవ్వి ఉంటే బాగుండేది అనుకున్నాడు మర్డో, చొక్కా పిండుకుంటూ. 'నేను చెప్పలేదా' అని ఉన్నా బాగుండేది. ఏమీ అనని మనిషిని ఏమని కోప్పడాలి?

ఆరిన చొక్కా కోసం సీటు కింది పెట్టె తెరిచాడు. బట్టల కింద పాత బిస్కెట్ల డబ్బా చేతికి తగిలింది. అందులో, గుడారం గాలికి లేవకుండా మీంచి వేసి కట్టే నారింజ రంగు పట్టీ ఒకటి చుట్టి ఉంది. తొమ్మిదేళ్ళ కిందట ఆరిసైగ్‌లో పెద్దగాలి వచ్చినప్పుడు గ్రెగర్ తన గుడారం మీది పట్టీ విప్పి, పరుగెత్తుకొచ్చి మర్డో గుడారం మీంచి వేసి కట్టాడు. ఆ గాలికి గ్రెగర్ గుడారం రెండుగా చిరిగింది. పట్టీ తిరిగివ్వడం మర్డో మొదట్లో మర్చిపోయాడు. గుర్తొచ్చేసరికి గ్రెగర్ భార్య ఈనా పోయింది. ఆ ఏడాదే ఐల్సా గ్రెగర్ బండి వెనక నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పట్టీ గుర్తున్నా ఇవ్వలేదు. డబ్బా మూత పెట్టేసి, దాని మీద దుప్పటి కప్పాడు.

శనివారం ఉదయం గ్రెగర్ ఊళ్ళోకి వెళ్ళి పాలూ, రొట్టెలూ, సాసేజీలూ తెచ్చాడు. అతని బండి గేటు దాటడం చూడగానే ఐల్సా గరిటె వదిలేసి, చేతులు గుడ్డకు తుడుచుకుని అటు నడిచింది. మర్డో కుళాయి దగ్గర కెటిల్లో నీళ్ళు పట్టుకుంటున్నాడు.

ఆమె గ్రెగర్ గుడారం మూల పక్కన నిలబడింది. రెండు చేతులూ ఎత్తింది. వేళ్ళు మాత్రం మెల్లగా తనవైపు ముడిచింది, రా, రా అన్నట్టు. కుడిచేయి కాస్త పక్కకి వాల్చింది. బండి అటు వాలింది. అరచేతులు రెండూ తెరిచి ఆపింది. బండి ఆగింది. ఒక్క మాట లేదు. సొరంగం అంచు పట్టాకి సరిగ్గా అందింది. ఐల్సా తనలో తను నవ్వుకుంటోంది. పాట పాడకుండానే తాళం వేసినట్టుగా ఉంది ఆ కదలిక. కెటిల్ నిండి, నీళ్ళు పొర్లి మర్డో బూట్లలోకి పోయాయి.

ఆ తర్వాత అరగంటకే మర్డో తన బండి అంచు ఊడదీశాడు.

"ఎక్కడికి?"

"పాలకి."

"గ్రెగర్ మనకీ తెచ్చాడుగా?"

"నాకు వేరే పాలు కావాలి."

ఏ పాలో అతనికే తెలియదు. ఊళ్ళోకి వెళ్ళి, అవే పాలు ఇంకో సీసా కొనుక్కుని వచ్చాడు. ఐల్సా వచ్చి నిలబడింది. చేతులెత్తింది. మర్డో కుడి అద్దంలో చూశాడు, ఎడమ అద్దంలో చూశాడు, మెడ తిప్పి వెనక చూశాడు.

"వెనక్కి! ఇంకొంచెం వెనక్కి!"

"ఎంత?"

"చేతులతో చూపిస్తున్నాగా!"

"అది ఎంతో ఎవడికి తెలుసు? అడుగా, బెత్తెడా?"

"ఎడమకి... అయ్యో, ఎడమకి అన్నాను!"

"నీ ఎడమా, నా ఎడమా?"

ఐదోసారి వెనక చక్రం మేకు మీదికెక్కింది. తాడు తెగింది. గుడారం మూల కడ్డీ 'టప్'మని వంగింది. మర్డో దిగి చూశాడు. నోటి దాకా వచ్చిన మాట ఆపుకోలేకపోయాడు.

"వాడికైతే అంత నాజూగ్గా చూపిస్తావు. నా దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోతాయా?"

ఐల్సా అతని మొహంలోకి కాసేపు చూసింది.  వంగిన కడ్డీ తీసుకుని మోకాలికి ఆనించి నిదానంగా నిటారు చేసింది. ఆ రోజంతా ఆమె అవసరమైన మాటలే మాట్లాడింది.

ఆదివారం పొలంలోనే ఆరాధన. ఊరి చర్చి నుంచి తెచ్చిన పొడవాటి బల్లల మీద అందరూ కూర్చున్నారు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్క గొంతుతో చెబుతుంటే, ఋణాలు క్షమించమని అడిగే మాట దగ్గర మర్డో గొంతు ఒక క్షణం ఆగింది. డెబ్బై ఏళ్ళుగా చెబుతున్న ప్రార్థన. ఎప్పుడూ అక్కడ ఆగలేదు. దేవుడా, క్షమించమని నిన్ను అడగడం తేలిక, ఎదుటి బల్ల మీద కూర్చున్నవాడికి ఇవ్వాల్సింది ఇవ్వడం ఎందుకింత కష్టం?  సముద్రం మీద ఒక పక్షి అరుచుకుంటూ పోయింది.

ఆరాధన కాగానే గ్రెగర్ వచ్చాడు. "ఈ బల్లలు చర్చికి తిరిగి చేర్చాలి. ఇద్దరి పని. వస్తావా?"

అందరి ముందూ అడిగాడు. సంఘపెద్ద కాదనలేడు.

చర్చి హాలు ముందు నేల బల్లపరుపుగా ఉంది. బల్లలు దింపి లోపల పెట్టాక, గ్రెగర్ తాళాలు ఇచ్చి రావడానికి పక్కింటికి వెళ్ళాడు. మర్డో ఒంటరిగా గ్రెగర్ బండి పక్కన నిలబడ్డాడు. ప్యాంటు జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. చుట్టూ చూసి, దాన్ని లాగి, నేల నుంచి పట్టా దాకా నిలువుగా పట్టాడు. రెండు వందల నాలుగు. మళ్ళీ పట్టాడు. రెండు వందల నాలుగే.

"ఎంతొచ్చింది?" వెనకనుంచి గ్రెగర్.

మర్డో ఉలిక్కిపడ్డాడు. టేపు సర్రున లోపలికి పోయింది. "నువ్వు చెప్పినట్టే. తక్కువ రకం చాలేది."

"పోనీలే. నేనూ మొదటిసారి మా ఇంటి వాలు మీదే కొలిచాను. ఈనా నెల రోజులు వెక్కిరించింది."

ఇద్దరూ బండెక్కి పొలానికి తిరిగొచ్చారు. గేటు దాటగానే దూరాన ఐల్సా కనిపించింది. బంగాళాదుంపల గిన్నె గడ్డి మీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ గ్రెగర్ గుడారం వైపు నడుస్తోంది. మర్డో పళ్ళు బిగించాడు. ఈసారి లోపలినుంచే చూడబోతున్నాడు. వాళ్ళ కళ్ళు ఎక్కడ కలుస్తాయో, ఏం చెప్పుకుంటాయో.

గ్రెగర్ బండిని వెనక్కి మళ్ళించాడు. ఒక మీట నొక్కాడు. ఎడమ పక్క అద్దం సన్నగా చప్పుడు చేస్తూ కిందికి వంగింది. మర్డో కూడా దానివైపు వంగి చూశాడు. అందులో ఐల్సా లేదు. ఆకాశం లేదు, గుడారమూ లేదు. గడ్డి మాత్రం ఉంది. గడ్డిలో, వెనక చక్రం ఆగాల్సిన చోట, ఎర్ర రిబ్బను కట్టిన రెండు మేకులున్నాయి. గ్రెగర్ పెదాలు కదిలిస్తూ, ఆ మేకులవైపే కళ్ళు చికిలించి, బండిని అంగుళం అంగుళం జరుపుతున్నాడు.

"నీకు ఐల్సా కనిపిస్తోందా?" అన్నాడు మర్డో.

"ఐల్సానా? ఎక్కడుంది?"

"నీ వెనకే. చేతులు ఊపుతోంది."

"అరె! చక్రానికి అడ్డంగా లేదుగా?" గ్రెగర్ బ్రేకు తొక్కాడు. "నా ఎడమ కన్ను మసక. అద్దంలో మనిషిని పట్టుకోలేను. ఈనా ఉన్నప్పుడు ఈ మేకుల పద్ధతి కనిపెట్టింది. రిబ్బన్లు ఆమె కట్టినవే. ఇవి కనబడితే చాలు, ఆపేస్తాను. దిగేసరికి మీ ఆవిడ అక్కడే ఉంటుంది. అంచు దూర్చడానికి వచ్చిందనుకుంటాను."

"ఐదేళ్ళుగానా?"

"ఐదేళ్ళుగా. ఎందుకు, ఏమైంది?"

మర్డో తల తిప్పి పక్క కిటికీ లోంచి వెనక్కి చూశాడు. ఐల్సా రెండు చేతులూ ఎత్తి, ఎవరూ చూడని ఆ వేళ్ళను మెల్లగా తనవైపు ముడుస్తోంది. అరచేతులు తెరిచింది. తనలో తను నవ్వుకుంటోంది.

ఆ సాయంత్రం ఇద్దరూ గుడారంలో, చీపురు ఊతం పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తున్నారు. మర్డో తీసిన దుంపలోనే మళ్ళీ తీస్తున్నాడు.

"అది ఇక తగ్గి గోళీకాయ అవుతుంది," అంది ఐల్సా.

"గ్రెగర్ నిన్ను చూడడు. నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకు చేతులు ఊపుతావు?"

ఆమె కత్తి గిన్నెలో పెట్టింది. "ఈనా ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో అడిగింది. 'మేకులు ఉన్నాయి, బండి ఆపుకుంటాడు. కానీ బండి వెనక ఎవరో ఒకరు నిలబడితే బాగుండు. దిగేసరికి పొలం ఖాళీగా ఉండకూడదు' అంది. అందుకని నిలబడతాను. నిలబడ్డాక ఊరికే చేతులు వేలాడేసుకుని ఉండలేను కదా."

"నవ్వుతావు కూడా."

"నవ్వనా? నా చేతులు అంత చక్కగా తిరుగుతుంటే నాకే ముచ్చటేస్తుంది. వాడు చూడడు, కాబట్టి అరవడు. ఎంతా, ఎటు, ఎవరి ఎడమా అని అడగడు." మళ్ళీ కత్తి తీసుకుంది. "నా చేతులు చూసేవాడివి నువ్వొక్కడివే మర్డో. చూస్తావు, నమ్మవు. ఇటు ఒకసారి, అటు ఒకసారి, మెడ తిప్పి ఇంకోసారి. నిన్న నువ్వన్న మాటకి..." ఆగింది. "తొక్క తియ్యి. నీళ్ళు మరుగుతున్నాయి."

మర్డోకి క్షమించమని అడగడం పుస్తకంలో మాటలుగా వచ్చు, సొంతంగా రాదు. చాలాసేపు దుంపను చేతిలో తిప్పాడు.

"రేపు నెట్టీని బస్సు దాకా దింపాలి," అన్నాడు చివరికి. "తిరిగొచ్చేటప్పుడు నువ్వు నిలబడతావా? నేను నీ చేతులే చూస్తాను. అద్దాలు తిప్పేస్తాను కావాలంటే."

"అద్దాలు తిప్పితే నేనెలా కనిపిస్తానయ్యా?" అని నవ్వింది ఐల్సా. నిన్నటి నుంచి అతనితో నవ్విన మొదటి నవ్వు అదే.

సోమవారం పొద్దున నెట్టీని దింపి వచ్చాక అతను ఒక్క అద్దంలోనే చూశాడు. నోరు తెరవలేదు. మొదటిసారి కుదరలేదు, రెండోసారి కుదిరింది. ఐల్సా అరచేతులు రెండూ తెరిచి, అలాగే కొంతసేపు గాల్లో ఉంచింది.

పదింటికల్లా సముద్రం మీంచి గాలి లేచింది. గుడారాల గుడ్డలు చటచటా కొట్టుకోసాగాయి. గ్రెగర్ తన గుడారం మీంచి తాడు విసిరాడు. అది పొట్టిదై అవతలి మేకుని అందలేదు. చేత్తో పట్టుకుని లాగుతూ, గాలికి ఎదురు నిలబడ్డాడు.

మర్డో దుప్పటి తీసి, బిస్కెట్ల డబ్బా మూత తెరిచాడు. పట్టీ రంగు వెలవలేదు, అసలు వాడనేలేదు కదా. పొలానికి అడ్డంగా నడిచి వెళ్ళి, ఒక కొస గ్రెగర్ చేతికిచ్చాడు. రెండోది గుడారం మీంచి అవతలికి విసిరి, చుట్టూ తిరిగి వచ్చి, మేకు దిగ్గొట్టి, మోకాలు నేలకి ఆనించి బిగించాడు. గుడ్డ కొట్టుకోవడం ఆగింది.

గ్రెగర్ పట్టీ మీద చెయ్యి వేసి చూశాడు. "ఇది నాదిలా ఉందే. ఆరిసైగ్‌లో గాలికి పోయిందనుకున్నాను."

"పోలేదు. నా దగ్గరే ఉంది."

"ఇన్నేళ్ళూనా?"

"తొమ్మిదేళ్ళు." మర్డో మేకు మీద ఇంకో దెబ్బ వేశాడు, అవసరం లేకపోయినా. "ఆ రోజు నీది చిరిగింది. నేను థాంక్స్ కూడా చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పావుగా," అన్నాడు గ్రెగర్. "రెండో కొసా గట్టిగానే ఉందా?"

మర్డో లేచి, అవతలి వైపు వెళ్ళి, వేలు దూర్చి చూశాడు.

"గట్టిగానే ఉంది."